పసుపు వాన: ఒక అభియోగం కథ

మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న తెలుగువాళ్ళకి సెయింట్ పాల్ నగరపు రైతుల సంత పరిచయమే. వేసవిలో శనివారం పొద్దున్నే అక్కడికి వెళితే కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, కాకరకాయలు అమ్మే రైతుల్లో చాలామంది మోంగ్ జాతివాళ్ళు. వాళ్ళు ఈ దేశానికి ఎలా వచ్చారో మనలో ఎక్కువమందికి తెలియదు. మనం చదువులకో ఉద్యోగాలకో వీసా వేయించుకుని విమానం ఎక్కి వచ్చాం. వాళ్ళ పెద్దతరం ప్రాణాలు అరచేత పట్టుకుని మెకాంగ్ నది దాటి, థాయిలాండులోని శరణార్థి శిబిరాల్లో ఏళ్ళ తరబడి గడిపి వచ్చింది. ఆ శిబిరాల్లో వాళ్ళు చెప్పిన మాటలు 1980లలో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య పెద్ద రగడకి కారణమయ్యాయి. ఒక దేశం మరో దేశం మీద విషప్రయోగం చేసిందని నేరం మోపేటప్పుడు ఎక్కడ కాలు జారుతుందో ఆ కథలో కనిపిస్తుంది.

వియత్నాం యుద్ధకాలంలో లావోస్ కొండల్లో ఉండే మోంగ్‌లని అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. చేరదీసి, వాళ్ళ చేత రహస్యంగా యుద్ధం చేయించింది. 1975లో లావోస్ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. అమెరికా వెళ్ళిపోయింది. మిగిలిన మోంగ్‌లని లావోస్, వియత్నాం సైన్యాలు వేటాడాయి. పారిపోయి వచ్చినవాళ్ళు శిబిరాల్లో ఒక విచిత్రమైన సంగతి చెప్పారు. విమానాలు వచ్చి వెళ్ళాక ఆకాశం నుంచి పసుపు పచ్చటి చుక్కలు రాలేవనీ, ఆ తరవాత జనం వాంతులు చేసుకుని, రక్తం కక్కుకుని చచ్చిపోయారనీ వాళ్ళ మాట. పత్రికలవాళ్ళు దీనికి ‘పసుపు వాన’ అని పేరు పెట్టారు.

1981 సెప్టెంబరు 13న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ పశ్చిమ బెర్లిన్‌లో ప్రసంగిస్తూ, ఈ విషప్రయోగానికి భౌతికమైన సాక్ష్యం దొరికిందని ప్రకటించాడు. కంబోడియా నుంచి తెచ్చిన ఒక ఆకు, కొమ్మ ముక్కలో ట్రైకోథెసీన్లు అనే విషాలు ఉన్నాయని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరీక్షలో తేలింది. ధాన్యానికి పట్టే ఒక రకం బూజు నుంచి పుట్టే విషాలివి. ఇంత మోతాదులో ఇవి ఆ ప్రాంతంలో సహజంగా ఉండవు కాబట్టి సోవియట్ యూనియన్ తయారుచేసి ఇచ్చి ఉండాలి అన్నది అమెరికా వాదన. 1925 నాటి జెనీవా ఒప్పందాన్నీ, 1972 నాటి జీవాయుధాల నిషేధ ఒప్పందాన్నీ ఉల్లంఘించారన్న తీవ్రమైన నేరారోపణ అది. సోవియట్లు ఒప్పుకోలేదు. పైగా, వియత్నాంలో అమెరికా చల్లిన మందుల వల్లే అడవులు పాడై ఆ బూజు పెరిగిందని ఎదురు తిరిగారు. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందాన్ని పంపించింది. ఆ బృందం లావోస్‌లో అడుగు పెట్టలేకపోయింది. చివరికి ఏ సంగతీ తేల్చలేకపోయింది.

ఈ వాదనలో చిక్కు ఎక్కడుందో చూడండి. ఇందులో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. జనం చచ్చిపోయారా? పైనుంచి పడినదే వాళ్ళని చంపిందా? పడినది విషమేనా? విషమే అయితే అది ఎవరిది? మొదటి ప్రశ్నకి సమాధానం కళ్ళ ముందే ఉంది. నాలుగో ప్రశ్నకి జవాబు కావాలంటే మధ్యలో రెండు మెట్లు ఎక్కాలి. అమెరికా ప్రభుత్వం ఒకే ఒక ఆకు ఆధారంగా ఆ రెండు మెట్లూ దాటేసింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ మెసెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్తకి ఈ తొందర నచ్చలేదు. ఆయన రసాయన, జీవాయుధాలని నిషేధించాలని ఎంతోకాలంగా పట్టుబట్టిన మనిషి. అప్పటికే ఆ పసుపు చుక్కలని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళకి వాటి నిండా పుప్పొడి కనిపించింది. ప్రభుత్వం వారు దానికీ ఒక వివరణ చెప్పారు: విషం ఊపిరితిత్తుల్లో నిలవడానికి శత్రువు కావాలనే పుప్పొడి కలిపాడట! కాని స్మిత్సోనియన్ సంస్థలో పుప్పొడి నిపుణురాలు జోన్ నొవికీ పరిశీలిస్తే, ఆ రేణువులు ఆగ్నేయాసియాలో తేనెటీగలు వాలే మొక్కలవని తేలింది. పైగా రేణువుల లోపలి మాంసకృత్తులు ఖాళీ అయిపోయి, పై డొల్ల మాత్రమే మిగిలింది. అంటే ఎవరో ఆ పుప్పొడిని తిని అరిగించుకున్నారన్నమాట. ఆ తిన్నది తేనెటీగలు. పసుపు చుక్కలు వాటి రెట్టలు.

ఇది విని నవ్వినవాళ్ళు చాలామంది. వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయాలు హేగ్ పక్షాన గట్టిగా నిలబడ్డాయి. 1984లో మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ కలిసి థాయిలాండు వెళ్ళారు. అక్కడి పెద్ద తేనెటీగలు మనకి కొత్తేమీ కాదు. మర్రికొమ్మల కిందా, నీళ్ళ ట్యాంకుల కిందా జానెడు మూరెడు పొడవున వేలాడే పెద్ద పట్టులు వీటివే. నల్లమలలో చెంచులు కొండ అంచుల నుంచి తాళ్ళతో దిగి తేనె తీసేది కూడా ఈ పట్టుల నుంచే. ఇవి వేల సంఖ్యలో ఒక్కసారిగా పట్టు వదిలి, కంటికి ఆనని ఎత్తుకి ఎగిరి, గుంపుగా విసర్జిస్తాయి. ఒక అభయారణ్యంలో నిలబడి ఉండగా ఆ శాస్త్రవేత్తల మీదే కొన్ని నిమిషాలపాటు పసుపు చుక్కలు కురిశాయి. తలెత్తి చూస్తే ఏమీ కనిపించలేదు. అంతకుముందు 1970లలోనే చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో ఇలాంటి వాన కురిస్తే, అక్కడి శాస్త్రవేత్తలు కూడా తేనెటీగల రెట్టలేనని తేల్చారు.

ఇక ఆ విషం మాటేమిటి? ఇంగ్లండులో పోర్టన్ డౌన్ ప్రయోగశాల తన దగ్గరకొచ్చిన నమూనాల్లో ట్రైకోథెసీన్లు కనిపించలేదంది. అమెరికా సైన్యపు ప్రయోగశాలకీ కనిపించలేదు. అమెరికా ప్రభుత్వమే థాయిలాండుకి పంపిన బృందం 1983 నుంచి 1985 దాకా సాక్షులని మళ్ళీ విచారించి, అభియోగాన్ని రుజువు చెయ్యలేకపోయింది. ఆ నివేదికలు 1987లో బయటపడ్డాయి. అయినా ఆ అభియోగం తన పని తాను చేసేసింది. కొత్త రసాయనాయుధాలు కావాలని అడిగిన రీగన్ ప్రభుత్వానికి అది మంచి ఆసరా అయింది. 1987 డిసెంబరులో అమెరికా మళ్ళీ రసాయనాయుధాల తయారీ మొదలుపెట్టింది. అమెరికా ఈనాటికీ ఆ అభియోగాన్ని అధికారికంగా వెనక్కి తీసుకోలేదు.

ఇక్కడితో ఆపితే “ప్రభుత్వాలన్నీ అబద్ధాలే చెబుతాయి” అన్న తేలికపాటి నీతి మిగులుతుంది. అది సరికాదు. ఆ రోజుల్లోనే ఇంకో అభియోగం నడిచింది. 1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో ఆంత్రాక్స్ జబ్బు సోకి జనం చనిపోయారు. సైనిక ప్రయోగశాల నుంచి క్రిములు బయటపడ్డాయని అమెరికా అంది. చెడిపోయిన మాంసం తిన్నారని సోవియట్లు అన్నారు. 1980లలో మెసెల్సన్ ఈ మాంసం కథ నమ్మదగ్గదే అనుకున్నాడు. అక్కడ ఆయన పొరబడ్డాడు. 1992లో, సోవియట్ యూనియన్ కూలిపోయాక, తన బృందంతో స్వయంగా ఆ నగరానికి వెళ్ళాడు. ఆయన భార్య, సామాజిక శాస్త్రవేత్త జీన్ గిలెమిన్, చనిపోయినవారి ఇళ్ళకి వెళ్ళి, ఆ రోజుల్లో వాళ్ళు ఎక్కడ పనిచేశారో, ఎక్కడ పడుకున్నారో అడిగి తెలుసుకుంది. ఆ చోట్లు పటం మీద గుర్తులు పెడితే, సైనిక స్థావరం నుంచి మొదలై ఏప్రిల్ 2న గాలి వీచిన దిక్కుగా ఒక సన్నటి పట్టీలో పడ్డాయి. చనిపోయినవాళ్ళు కనీసం 66 మంది. అమెరికా మాటే నిజమని 1994లో సైన్స్ పత్రికలో ఆ బృందమే రాసింది. అంటే రుజువు ఎటు చూపిస్తే అటు వెళ్ళడం. అందులో తన పాత మాట తప్పయినా సరే.

ఇక సంతలో మన మోంగ్ రైతుల దగ్గరికి మళ్ళీ వద్దాం. 2012లో రేడియోలాబ్ అనే రేడియో కార్యక్రమం ఈ పసుపు వాన గురించి ప్రసారం చేసింది. లావోస్ నుంచి బతికి బయటపడ్డ ఎంగ్ యాంగ్ అనే పెద్దాయనని మాట్లాడించారు. ఆయన తమ్ముడి కూతురు, రచయిత్రి కావ్ కలియా యాంగ్ దుబాసీగా కూర్చుంది. తేనెటీగలంటే ఏమిటో కొండల్లో పుట్టి పెరిగిన మాకు తెలియదా అని ఆయన వాదన. పసుపు చుక్కలు మీ కళ్ళారా విమానం నుంచే పడటం చూశారా అని అడుగుతూ పోయారు. చివరికి ఆ అమ్మాయి, మా వాళ్ళ చావుల గురించి వినడానికి మీకు ఇష్టం లేదంటూ ఏడ్చేసింది. తరవాత ఆ కార్యక్రమం నడిపినవాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు.

ఆ రేడియో వాళ్ళు అడిగిన ప్రశ్న తప్పని నేను అనను. నేరం మోపడానికి ఆ ప్రశ్న అడగక తప్పదు. కాని నాలుగో ప్రశ్నకి రుజువు లేదన్నంత మాత్రాన మొదటి ప్రశ్న కొట్టుకుపోదు. మోంగ్‌లని వేటాడిన మాట నిజం. ఆకలితో, జబ్బుతో, తుపాకులతో వేలమంది చచ్చిపోయిన మాట నిజం. ఆ దాడుల్లో ఏదో ఒక రసాయనం వాడి ఉండవచ్చని ఇప్పటికీ వాదించే పరిశోధకులు ఉన్నారు. 1981లో వాళ్ళ కన్నీళ్ళని ఒక మహారాజ్యం తన వాదనకి సాక్ష్యంగా వాడుకుంది. ఆ వాదన వీగిపోయాక వాళ్ళ మాట వినేవాళ్ళు కరువయ్యారు.

మన పిల్లలు బడిలో ఈ దేశపు యుద్ధాల గురించి చదువుతారు. ఏదో ఒక దేశం ఫలానా వాళ్ళకి విషం పెట్టిందన్న వార్త వాళ్ళ జీవితంలోనూ వస్తుంది. అప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ విడివిడిగా అడగమని చెబుదాం. వాటిలో మొదటిదాన్ని, చచ్చిపోయినవాళ్ళ గురించి అడిగేదాన్ని, ఎప్పుడూ మరిచిపోవద్దని కూడా చెబుదాం.