చిక్కు మాటలు

నా పరిశోధన మూడో అధ్యాయం చిత్తుప్రతి తిరిగొచ్చినప్పుడు, అంచున ఎర్రసిరాతో రెండే ఇంగ్లీషు మాటలు: 'టూ కాంప్లికేటెడ్'. నేత కుటుంబాల స్త్రీలు కథల్లో, నవలల్లో ఎలా కనిపిస్తారన్నది ఆ అధ్యాయం. కులం, కూలి, కాపురం, మగ్గం అన్నీ ఒకే పేరాలో కలిపేశానని అభ్యంతరం. విడదీసి రాయమన్నారు. విడదీశాను, డాక్టరేటూ వచ్చింది. కానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. దాని పుట్టుక కోసం నిఘంటువులు తిరగేయడం అలా మొదలైంది.

లాటిన్‌లో కాంప్లికేటెడ్ అంటే కలిపి మడతపెట్టినది. కాంప్లెక్స్‌లో ఉన్నది అల్లడం, పేనడం. పర్‌ప్లెక్స్‌దీ ఆ అల్లికే. సింపుల్ అంటే ఒకే మడత. ఎక్స్‌ప్లెయిన్ అంటే చదును చేయడం (నన్ను అడిగింది సరిగ్గా అదే!). టెక్స్ట్ అంటే నేత అని సాహిత్య విద్యార్థులందరం వల్లించినదే. చదువుకున్నవాళ్ళు గౌరవంగా వాడుకునే మాటలివి. ఇక ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన మాటల కథ వేరు.

పాత ఇంగ్లీషులో '-స్టర్' స్త్రీని చెప్పే ప్రత్యయం. స్పిన్‌స్టర్ నూలు వడికే ఆమె, వెబ్‌స్టర్ నేసే ఆమె. వెబ్‌స్టర్ క్రమంగా మగ నేతగాళ్ళకూ చెల్లి, ఇంటిపేరుగా మారి, 1828లో నోవా వెబ్‌స్టర్ అమెరికన్ నిఘంటువు అట్ట మీదికెక్కింది. అర్థాల కోసం మనం తెరిచేది ఒక నేతగత్తె పేరున్న పుస్తకాన్నన్న మాట! స్పిన్‌స్టర్‌కి ఆ అదృష్టం పట్టలేదు. 17వ శతాబ్దానికల్లా దస్తావేజుల్లో పెళ్ళికాని స్త్రీకి అదే హోదా అయింది, ఆ తర్వాత ఎగతాళి అయింది. ఇంగ్లండ్, వేల్స్ పెళ్ళి రిజిస్టర్లలోంచి ఆ మాట తొలగింది 2005లో. రాట్నం ఏనాడో మూలపడింది, నింద మాత్రం అంతకాలం మిగిలింది.

క్లూ అన్న మాట ఇంకా బాధపెట్టింది. క్లూ అంటే మొదట దారపు ఉండ. గ్రీకు పురాణగాథలో పద్మవ్యూహంలాంటి కట్టడంలోంచి బయటపడే దారి తెలిసేందుకు థీసియస్‌కి ఆ ఉండ ఇచ్చింది అరియాడ్నే. బయటపడ్డాక అతను ఆమెను నాక్సోస్ దీవిలో వదిలేసి పోయాడు. ఇప్పుడు క్లూ అంటే డిటెక్టివ్ గుర్తొస్తాడు. దారమూ లేదు, ఇచ్చినామె లేదు.

అరియాడ్నే దగ్గర ఆగినప్పుడే మా ఇంటి ఆసు గుర్తొచ్చింది. పోచంపల్లి నేతలో రంగులద్దే ముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ముందుకీ వెనక్కీ తిప్పాలి, ఒక్క చీరకే వేలసార్లు. అది ఆడవాళ్ళ పని. అమ్మ కుడిభుజం నలభై ఏళ్ళకే పట్టేసింది. మగ్గం మాత్రం నాన్నది. బడి దరఖాస్తులో 'తల్లి వృత్తి' దగ్గర 'గృహిణి' అని రాసింది నేనే, నా చేతిరాతతోనే. వడికే ఆమెకు ఇంగ్లీషు ఒక పేరైనా పెట్టి, తర్వాత దాన్ని చెడగొట్టింది. ఆసు పోసే ఆమెకు మేం పేరే పెట్టలేదు. తల్లి పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు అమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

తెలుగులో జటిలం మునుల జడల్లోంచి వచ్చింది, దానితో నాకు పనిలేదు. చిక్కు మన ఇంటి మాట. తలకూ దారానికీ బతుక్కీ ఒకటే. థీసిస్‌లో ఎందుకో ఆ మాట వాడడానికి నామోషీ పడ్డాను. కాంప్లెక్స్ అనిపించిన ప్రతిచోటా సంక్లిష్టం అని రాశాను. అందులో క్లేశం ఉందన్న ఎరుక అప్పుడు లేదు.

నిరుడు దాన్ని పుస్తకంగా దిద్దుతూ, ఆ పేరాలను మళ్ళీ కలుపుతున్నానని అమ్మతో చెప్పాను.

"గుంజి గుంజి తెంపినవా ఏంది, బిడ్డా?" అనడిగింది.

సంక్లిష్టం ఉన్నచోటల్లా కొట్టేసి, చిక్కుపడిన, పెనవేసుకున్న అని మార్చాను. ఒక్కచోట మాత్రం ఉంచేశాను. అది అమ్మ కుడిభుజం గురించిన వాక్యం.