పాత వాక్యూమ్ క్లీనర్లు చెప్పే ఇంటి చరిత్ర

పాత నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవాళ్ళు మనందరికీ తెలుసు. అమెరికాలో పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించేవాళ్ళు కూడా ఉన్నారు. సెయింట్ లూయిస్ ఫాక్స్ థియేటర్‌లో ఆర్గన్ వాయించిన స్టాన్ కాన్ ఇలాంటి యంత్రాలతోనే జానీ కార్సన్ టీవీ షోలో ఎన్నోసార్లు నవ్వులు పూయించాడు. వినడానికి వింతగా ఉన్నా, ఈ యంత్రాలకి మన ఇర్వింగ్ ఇళ్ళతో గట్టి సంబంధమే ఉంది.

1950లో ఇర్వింగ్ జనాభా 2,621. 1960 నాటికి 45,985. అంటే పదేళ్ళలో పదిహేడు రెట్ల పైమాటే! వాళ్ళందరికీ ఇళ్ళు లేచాయి. వెస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లోని రూత్ పెయిన్ ఇల్లు ఆ కాలపుదే. కెనెడీ హత్యకు ముందురోజు రాత్రి ఆస్వాల్డ్ పడుకున్నది అక్కడే. నగరం దాన్ని 2009లో కొని, 1963 నాటి రూపానికి తెచ్చి, 2013లో మ్యూజియంగా తెరిచింది.

అలాంటి ఇళ్ళలో తిరిగిన యంత్రానికి మూలపురుషుడు ఒహాయోలో ఊడ్చే పని చేసుకునే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఉబ్బసం మనిషి. దుమ్ము పడక, ఫ్యాను మోటారు, దిండు గలీబు, చీపురు కర్ర కలిపి యంత్రం చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ కుటుంబం కొనుక్కుంది. తర్వాత 1937లో స్లెడ్జిబండిలా జారే ఎలక్ట్రోలక్స్ ముప్ఫై, 1954లో బంతిలాంటి హూవర్ కాన్‌స్టలేషన్ వచ్చాయి. కాన్‌స్టలేషన్ తర్వాతి మోడళ్ళు తాము వదిలే గాలి మీదే తేలుతూ కదిలేవి.

మరి ఇల్లాలికి పని తగ్గిందా? లేదంటుంది చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్, 1983లో వచ్చిన తన పుస్తకంలో. అంతకుముందు తివాచీలు బయటికి మోసుకెళ్ళి దులపడంలో మగవాళ్ళు, పిల్లలు చెయ్యి వేసేవారు. యంత్రం వచ్చాక ఆ పనంతా ఆవిడదే అయింది. పైగా ఇల్లు ఇంకా శుభ్రంగా ఉండాలన్న పట్టింపు పెరిగింది.

మన దేశంలో 1982లో ఫోర్బ్స్, ఎలక్ట్రోలక్స్ కలిసి యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. టై కట్టుకున్న కుర్రాళ్ళు ఇంటింటికీ వచ్చి సోఫా మీద దుమ్ము పీల్చి చూపించేవారు. కొన్న ఇళ్ళలో కూడా పనిమనిషి చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. యంత్రం అటక ఎక్కింది.

సేకర్తలు గట్టిపడిన రబ్బరు బెల్టు మారుస్తారు, పగిలిన తీగ కొత్తది వేస్తారు, అరిగిన కార్బన్ బ్రష్షులు తీసేస్తారు. మోటారు మళ్ళీ తిరుగుతుంది. అయితే అది ఏ ఇంట్లో, ఎవరి చేతిలో తిరిగిందో ఆ మోటారు చెప్పలేదు. మీరు ఇర్వింగ్‌లో ఏ గరాజ్ సేల్‌లోనో పాత హూవరు చూస్తే, ధర అడిగాక ఇంకో మాట అడగండి: దీన్ని ఎవరు వాడేవారు, వారానికి ఎన్నిసార్లు? జవాబు ఒక కాగితం మీద రాసి ఆ యంత్రానికే కట్టి ఉంచండి. ఇండియాకి ఫోన్ చేసినప్పుడు అమ్మని కూడా అడగండి, మనింట్లో ఎవరు ఊడ్చేవారని. ఆవిడ పేరు కూడా రాసుకోండి. సెలవు.