తాళాల పని నేర్పే ఆన్‌లైన్ కోర్సు: ఫీజు కట్టే ముందు ఇవి చూసుకోండి

‘ఇంట్లోనే నేర్చుకోండి, సర్టిఫికెట్ అందుకోండి, సొంతంగా షాపు పెట్టుకోండి’... తాళాల రిపేరు, డూప్లికేట్ కీల తయారీ నేర్పుతామంటూ ఇలాంటి ప్రకటన మీ ఫోన్‌లో కనిపించిందా? పెద్దగా పెట్టుబడి అక్కర్లేని పని, పైగా తాళంచెవులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకే ఆశ కలుగుతుంది. అయితే కోర్సుకు పెట్టే డబ్బు, సమయం నిజంగా అక్కరకొస్తాయా? చెల్లించే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఇంట్లో కూర్చుని ఏం నేర్చుకోవచ్చు?

తాళం లోపల ఏముంటుందో వీడియోలు, బొమ్మల ద్వారా బాగానే అర్థమవుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి లివర్ తాళం. తాళంచెవి తిప్పినప్పుడు లోపలి పలకలు ఒక్కొక్కటీ సరైన ఎత్తుకు లేస్తేనే గడియ కదులుతుంది. రెండోది పిన్ సిలిండర్ తాళం. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చారు. తాళంచెవి పళ్లు లోపలి చిన్న పిన్నులను ఒకే వరసకు తెస్తేనే సిలిండర్ తిరుగుతుంది.

ఏ తాళానికి ఏ బ్లాంక్ కీ సరిపోతుంది, పనిముట్ల పేర్లేంటి, ధర ఎలా చెప్పాలి, లెక్కలు ఎలా రాసుకోవాలి... ఇవన్నీ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. వీటిలో చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కాబట్టి కోర్సులో ఇంతకు మించి ఏముందో ముందు చూడండి.

వీడియోతో రానిది ఏంటి?

చేతి పని. తాళంచెవి పోయిన తాళానికి కొత్తది చేయాలంటే బ్లాంక్‌ను లోపల పెట్టి తిప్పాలి. దాని మీద పడ్డ సన్నటి గీతలను చూసి, ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయాలి. ఎక్కడ ఆపాలో వేళ్లకే తెలియాలి. కాస్త ఎక్కువ అరిగితే ఆ బ్లాంక్ వృథా. పక్కన నిలబడి ‘ఇంకొంచెం’, ‘చాలు’ అని చెప్పే మనిషి లేకుండా ఇది అలవడటం కష్టం.

కారు తాళంచెవుల సంగతి మరో మెట్టు పైన ఉంటుంది. ఇప్పటి చాలా కార్ల తాళంచెవుల్లో చిప్ ఉంటుంది. పళ్లు సరిగ్గా కోసినా, ఆ చిప్‌ను కారుతో జత చేయకపోతే డోర్ తెరుచుకోవచ్చు కానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. జత చేయడానికి ప్రత్యేక పరికరం కావాలి. అన్ని మోడళ్లకూ ఒకే పరికరం పనిచేయదు. ‘కారు కీలు కూడా నేర్పుతాం’ అని కోర్సు వాళ్లు అంటే ఏ పరికరంతో, ఏ మోడళ్ల మీద నేర్పుతారో అడగండి. పరికరం ధర ఫీజులో కలిసి ఉండదన్న సంగతి చాలామందికి చివర్లో తెలుస్తుంది.

సర్టిఫికెట్‌కు విలువ ఎంత?

రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే మేస్త్రీని ఎవరూ సర్టిఫికెట్ అడగరు. తాళం తెరుచుకుందా లేదా అన్నదే చూస్తారు. మన దగ్గర ఈ పనికి ప్రత్యేకంగా లైసెన్సు పరీక్ష అంటూ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు తప్పనిసరి. అక్కడ పని చేయాలనుకునేవారికి ఇక్కడి ఆన్‌లైన్ సర్టిఫికెట్ లైసెన్సుకు బదులు కాదు.

‘ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అని ప్రకటనలో ఉంటే మాటతో సరిపెట్టుకోకండి. దేశంలో వృత్తి శిక్షణ అర్హతలను నియంత్రించేది జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి (ఎన్‌సీవెట్). ఆమోదం పొందిన అర్హతల వివరాలు నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కోర్సు పేరు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు అక్కడ వెతకండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఐఎస్‌ఓ సర్టిఫికెట్ చూపిస్తే అది కోర్సుకు గుర్తింపు అనుకోవద్దు. ఉద్యమ్ అనేది ఏ చిన్న వ్యాపారమైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. ఐఎస్‌ఓ 9001 సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది. మీకు పని వచ్చిందని ఈ రెండూ చెప్పవు.

పీఎం విశ్వకర్మకు ఈ కోర్సు పనికొస్తుందా?

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో తాళాల పని ఒకటి. అర్హులకు 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ రోజుల్లో రోజుకు రూ.500 భృతి, పనిముట్ల కోసం రూ.15,000 విలువైన ఈ-వోచర్ ఇస్తారు. తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా రూ.లక్ష వరకు పూచీకత్తు లేని రుణం పొందవచ్చు.

అయితే ఇది ఇప్పటికే ఆ వృత్తిలో స్వయం ఉపాధి పొందుతున్నవారి కోసం పెట్టిన పథకం. వయసు 18 ఏళ్లు దాటి ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. దరఖాస్తును గ్రామ పంచాయతీ లేదా పట్టణ స్థానిక సంస్థ స్థాయి నుంచి పరిశీలిస్తారు. ప్రైవేటు కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అర్హత రాదు. అది లేకపోయినా, పని చేస్తున్నవారి అర్హత పోదు. ‘మా కోర్సు చేస్తే విశ్వకర్మ లోన్ గ్యారంటీ’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఈ పనిలో ఉంటే మాత్రం, కోర్సుకు డబ్బు కట్టే ముందు దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో ఈ పథకం గురించి అడగండి.

కట్టిన ఫీజు ఎప్పటికి తిరిగొస్తుంది?

కాగితం మీద చిన్న లెక్క వేసుకోండి. ఉదాహరణకు ఫీజు రూ.12,000 అనుకుందాం. ఒక డూప్లికేట్ కీ మీద ఖర్చులు పోను మీకు రూ.40 మిగిలితే, ఫీజు రాబట్టడానికే 300 కీలు చేయాలి. కీ కటింగ్ మెషీన్, బ్లాంక్‌ల స్టాకు, షాపు అద్దె దీనికి అదనం. ఈ అంకెల స్థానంలో మీ కోర్సు ఫీజు, మీ ఏరియాలో నడుస్తున్న రేటు పెట్టి చూడండి. రేటు తెలియకపోతే ఇంటి తాళంచెవి ఒకటి తీసుకెళ్లి రెండు షాపుల్లో డూప్లికేట్ చేయించండి. ధరతో పాటు ఆ షాపుకు గంటలో ఎంతమంది వస్తున్నారో కూడా తెలుస్తుంది.

ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి

* చేతితో చేసే ప్రాక్టీసు ఎన్ని రోజులు, ఎక్కడ, ఎవరి దగ్గర?
* కిట్‌లో ఏయే పనిముట్లు, ఎన్ని తాళాలు, ఎన్ని బ్లాంక్‌లు ఇస్తారు? విడిగా కొంటే వాటి ధర ఎంత?
* నేర్పే తాళాలు మన మార్కెట్‌లో దొరికేవేనా, లేక విదేశీ రకాలా?
* నేను చేసిన తాళంచెవిని చూసి తప్పు ఎక్కడుందో చెప్పేదెవరు?
* మధ్యలో మానేస్తే డబ్బు వాపసు ఇస్తారా? ఆ నియమం రాతపూర్వకంగా ఉందా?

‘ఈ రోజు కడితేనే డిస్కౌంట్’ అని తొందరపెట్టినా, వ్యక్తి పేరున ఉన్న యూపీఐకి పంపమన్నా అనుమానించాల్సిందే.

మోసపోతే ఏం చేయాలి?

ప్రకటన స్క్రీన్‌షాట్లు, రశీదు, చాట్‌లు దాచుకోండి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకుని మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయా అన్నదానిపై న్యాయస్థానాల్లో చాలాకాలంగా వాదనలు సాగుతున్నాయి. అందుకే తర్వాత కేసు వేద్దాంలే అనుకోవడం కన్నా ముందు జాగ్రత్తే మేలు.

ఇంతకీ చేరాలా, వద్దా?

హార్డ్‌వేర్ షాపు, వడ్రంగం, బైక్ మెకానిక్ వంటి పనిలో ఇప్పటికే ఉన్నవారికి తక్కువ ఫీజు కోర్సు ఉపయోగపడవచ్చు. చేతికి పనిముట్లు అలవాటై ఉంటాయి, కస్టమర్లూ ఉంటారు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే మేస్త్రీ ఉన్నవారికీ అంతే. ఉద్యోగం లేక, అప్పు చేసి, సర్టిఫికెట్ వస్తే పని దానంతట అదే వస్తుందని చేరేవారికి మాత్రం ఇది నష్టం బేరం.

మీరు రెండో కోవకు చెందితే ముందు రూ.500తో మొదలుపెట్టండి. ఒక పాత తాళం, కొన్ని బ్లాంక్‌లు, ఒక ఆకురాయి కొనుక్కుని, ఉచిత వీడియోలు చూస్తూ నెల రోజులు ప్రయత్నించండి. ఆ తర్వాత మీ ఏరియాలోని మేస్త్రీ దగ్గరకెళ్లి కొన్నాళ్లు సాయంగా ఉంటానని అడగండి. ఆయన దగ్గర ఇంకో విషయం కూడా తెలుస్తుంది. ఇల్లు, బండి తనదేనని రుజువు చూపించనివాళ్లకు తాళం తీయకూడదు. తీసిన ప్రతిదానికీ పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలి. ఈ పనిలో కస్టమర్ మిమ్మల్ని నమ్మి ఇంటి తలుపు దగ్గరకు పిలుస్తాడు. ఆ నమ్మకాన్ని ఏ కోర్సూ కొరియర్‌లో పంపలేదు.