ఓడ టైము సూసి పెళ్లి ముహూర్తం

ఆ చేపలు ఇంకోపాలి తిప్పరా గుంటడా, మాడిపోతన్నాయి. ఇలా మంట దగ్గరికి జరిగి కూకోండి.

ఇప్పుడు మీరు ఇమానం ఎక్కితే తెల్లారి బయల్దేరి మధ్యాన్నం కూటికి ఇక్కడుంటన్నారు. మాకు ఓడే గతి. ఇసాపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి 1,200 కిలోమీటర్ల పైమాటే, 56 గంటలు. నాను సిక్కోలు నుంచి పొట్ట సేతపట్టుకుని వొచ్చింది హర్షవర్ధన మీద. బొంబాయిలో మజగావ్ డాకోళ్లు 1974లో కట్టిన ఓడ. నడిపింది షిప్పింగ్ కార్పొరేషన్. సర్కారుకి ఈస్టర్న్, వెస్టర్న్ అని రెండు ఓడ కంపెనీలుండేవి. వాటిని కలిపేసి 1961 అక్టోబరు 2న దీన్ని పెట్టారు.

నా టికెట్టు బంక్ క్లాసు. ఓడ అడుగున వరసగా మంచాలు, కింద ఒకటి, మీద ఒకటి. యారాడ కొండ కనపడినంతసేపూ అందరం మొనగాళ్లమే. అది మునిగిందా, ఇంక వాంతులు! అమ్మ కట్టిచ్చిన ఆవకాయ వాసన సూస్తే తప్ప పేనం లేచొచ్చేది కాదు.

అయినా మాది సుఖమైన పయాణమే అనుకోవాలి. తెల్లోడి కాలంలో ఏసియాటిక్ కంపెనీది మహారాజా అని ఓడుండేది. సామాన్లూ, ఉత్తరాలూ, సంకెళ్లేసిన ఖైదీలూ అన్నీ దాన్లోనే. సావర్కర్‌ని 1911లో మద్రాసులో ఎక్కించి తెచ్చింది అదే. మన అల్లూరి సీతారామరాజు మనిషి గాం మల్లుదొరనీ ఈ కాలాపానీకే పంపారు. ఆయన తిరిగెళ్లి 1952లో పార్లమెంటు మెంబరయ్యాడు, సూడండి!

ఆ తర్వాత యుద్ధంలో జపానోళ్లు ఈ దీవులు పట్టుకున్నారు. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా మన దేశం ఓడ ఒక్కటీ రాలేదు. ఆ ఆకలి సూసినోళ్లు గింజ కింద పడితే ఏరుకుని తినేవోరు.

మా రోజుల్లో ఆకలి లేదు గానీ ఎదురుసూపు ఉండేది. తుపానుకి ఓడ ఆగిందంటే ఉల్లిపాయ బంగారమైపోయేది. హడ్డో జెట్టీలో కూత ఇనపడితే సాలు, సంచులట్టుకుని సగం ఊరు అక్కడే. సుట్టాలు లేనోళ్లూ ఎల్లేవోళ్లు, ఊరికే తెలుగు మాట ఇనడానికి. మన పంతులుగోరైతే ముందు డైలీ టెలిగ్రామ్స్ పేపర్లో ఓడ తేదీ సూసి, ఆ తర్వాతే పంచాంగం ఇప్పేవోరు. పెళ్లికొడుకు నడి సముద్రంలో ఉంటే ముహూర్తం ఎవరికి?

1999లో స్వరాజ్‌ద్వీప్ వొచ్చింది. 1,200 మంది పట్టే ఓడ, మన ఇసాపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టారు. అది మొదటిసారి సూసినప్పుడు దాని ఇనుం మీద సెయ్యేసి నిమిరాను. పక్కోడు నవ్వాడు, నవ్వనీ.

నా ట్రంకుపెట్టె ఇంకా ఉంది. మూత మీద బంకు నంబరు రంగుతో రాయించుకున్నాను, ఎవరూ మార్చెయ్యకుండా. మీ నాయనమ్మ బియ్యం పోసుకునేది దాన్లోనే. ఏదీ, ఆ చేప ఇలా ఇయ్యి.