దొడ్డిగుమ్మంలోంచి వచ్చిన వరద

మా బెజవాడ వాళ్లకి ఏరంటే కృష్ణే. బుడమేరు పేరులోనే ఏరు ఉన్నా దాన్ని మేం కాలవ అన్నాం, ఇంకాస్త లోకువ కట్టి మురిక్కాలవ అన్నాం. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున అజిత్‌సింగ్ నగర్‌లో మా గడప దాటి వంటింట్లోకి వచ్చింది ఆ మురిక్కాలవే. గ్యాస్ బండ తేలింది. బియ్యం డబ్బా మూత ఊడి గింజలు నీళ్లలో పరుచుకున్నాయి. పై పోర్షన్ పిన్నిగారు మెట్ల మీద నుంచి "ముందు పిల్లల్ని ఇటివ్వండి, సామాన్లు తరవాత" అని కేకేశారు. ఆరు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాం.

ఆ ఆరు రోజులూ మేడ మీద కూర్చుని నీళ్ల వంక చూస్తుంటే ఒక్కటే ఆలోచన. నూట డెబ్భై ఏళ్లుగా ఈ ఊరు ఏటితో వ్యవహారం నడుపుతోంది కదా, మరి ఇలా ఎందుకు దొరికిపోయాం?

ఆ వ్యవహారం కృష్ణతో మొదలైంది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కృష్ణ ఇరుకున పడుతుంది. కాటన్ దొర సిఫారసు మీద 1852లో అక్కడే ఆనకట్ట పని మొదలైంది. ఓర్ అనే ఇంజనీరు చేతుల మీదుగా 1855కి పూర్తయింది. డెల్టా పొలాలకు నీళ్లెక్కించడానికి వేసిన రాతికట్ట అది. వరదొస్తే దాని నెత్తి మీదుగా పోవలసిందే. 1903లో 10.6 లక్షల క్యూసెక్కులు పోయాయి. వందేళ్లకు పైగా ఈ ఊరికి వరద కొలత అంటే ఆ అంకే. 1952 సెప్టెంబర్‌లో ఆనకట్టకే గండి పడింది. రాణిగారితోటలో కాపురం చేసిన మా నాయనమ్మ తన జ్ఞాపకాలన్నిటినీ "కట్ట తెగకముందు, తెగాక" అని రెండుగా చెప్పేది.

ఆ గండి పుణ్యమే ఇప్పటి బ్యారేజీ. 1954లో శంకుస్థాపన, 1957 డిసెంబర్‌కి పూర్తి, 70 గేట్లు. ప్రకాశం పంతులు గారు ఆ ఏడాది మే నెలలోనే పోయారు. తన పేరు పెట్టిన వంతెన మీద ఆయన నడవలేదు. బ్యారేజీ ఉంది కనుక వరద ఆగుతుందని మా వీధిలో ఇప్పటికీ చాలామంది నమ్మకం. దాంట్లో పట్టేది దాదాపు 3 టీఎంసీలు. 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందంటే ఖాళీ బ్యారేజీ కూడా ముప్పావు గంటలో నిండిపోతుంది. వచ్చిన నీళ్లను వచ్చినట్టే కిందికి వదలడం తప్ప దానికి వేరే దారి లేదు.

అందుకే ఊరిని కాపాడవలసింది కరకట్ట. కానీ కరకట్టకీ ఏటికీ మధ్యన కూడా ఊరు పెరిగింది. రాణిగారితోట, భూపేష్ గుప్తా నగర్, తారకరామ నగర్... రిక్షా తొక్కేవాళ్లూ తాపీ మేస్త్రీలూ ఊళ్లో అద్దెలు భరించలేక ఏటి ఒడ్డుకి చేరారు. వాళ్లని ఆక్రమణదారులనడం నాకు కష్టంగా ఉంటుంది. 2009 అక్టోబర్‌లో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మునిగారు. 2019 ఆగస్టులో అంతకంటే తక్కువ వరదకే మళ్లీ మునిగారు. ఒక ప్రభుత్వం మొదలుపెట్టి మరో ప్రభుత్వం పొడిగించిన రిటైనింగ్ వాల్ చివరికి ఈ పేటలున్న కృష్ణలంకకు అండగా నిలిచింది. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అదే కొత్త రికార్డు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను బద్దలు చేశాయి. అంత వరదలోనూ గోడ వెనక జనం చాలావరకు పొడి నేల మీదే ఉన్నారు. ఆ గోడ ఎవరు కట్టారన్న తగువు పార్టీలది. మంచి పని జరిగిందన్నది నా మాట.

వీధిగుమ్మానికి అలా గడియ పెట్టాం. దొడ్డిగుమ్మం సంగతే మరిచిపోయాం.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, దారిలో పులివాగు లాంటి వాగుల్ని కలుపుకుని, ఊరికి ఉత్తరంగా సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కిందుగా దాటి కొల్లేరు చేరుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మోకాలి లోతు కూడా ఉండదు. కొండల మీద గట్టి వాన పడితే గంటల్లో పొంగుతుంది. కొల్లేరు అప్పటికే నిండి ఉంటే కిందికి దిగడానికి దారుండదు. ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. నీటిని పక్కకు మళ్లించి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే డైవర్షన్ కాలవ తవ్వారు. దాని సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. అది కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణే నిండుగా ఉంటే డైవర్షన్ నీళ్లు లోపలికి పోవు, వెనక్కి ఎగదన్నుతాయి. అంటే రెండు ఏర్లూ ఒకేసారి పొంగిన రోజున, మనకు బాగా అవసరమైన రోజునే, ఆ కాలవ చేతులెత్తేస్తుంది.

2024లో జరిగింది అదే. వెలగలేరు షట్టర్లు ఎత్తారు. డైవర్షన్ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లన్నీ పాత దారి వెతుక్కున్నాయి. ఆ దారిలో ఇప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట ఉన్నాయి. ఏరు వెడల్పుగా పారిన చోట లేఅవుట్లు వేశారు, మేం కొన్నాం. నేనూ కొన్నాను. 2005లో ఇదే బుడమేరు ఇవే వీధుల్ని ముంచిందని కొనేనాడు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సైన్యం వచ్చి, ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి మూడో గండి పూడ్చేసరికి సెప్టెంబర్ 7. అన్నం పొట్లాలు డ్రోన్ల మీద వచ్చాయి. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగాయి.

మళ్లీ ఇలా మునగకూడదంటే బుడమేరుకి ఎంత వెడల్పు కావాలో కొలిచి, ఆ మేర రాళ్లు పాతి, ఇళ్లు తీయవలసి వస్తే అక్కడివాళ్లకి ఊళ్లోనే, పని దొరికే చోటే ఇళ్లివ్వాలి. డైవర్షన్ కాలవ వెడల్పు చేసి గట్లు పెంచాలి. ఇవి ప్రభుత్వం చేయవలసినవి. మన చేతిలో ఉన్నది ఒకటుంది. సింగ్ నగర్ గోడల మీద ఆ నీళ్లు వదిలిన బురద గీత కొన్ని ఇళ్లకు ఇంకా ఉంది. పండక్కి రంగులు వేయించేటప్పుడు మీ ఇంటి గేటు దగ్గరైనా జానెడు మేర ఆ గీతను వదిలేయండి. పక్కన తేదీ రాయండి. రేపు ఈ వీధిలో స్థలం కొనడానికి వచ్చేవాళ్లు చూస్తారు.