ఒంట్లో మంట, మెదడుకు సెగ

గూడూరులో అప్పుడే పొద్దెక్కింది. మీరు ఒక మగ్గం ఇంటి గడప దగ్గర నిలబడి ఉన్నారు. లోపల గుంటమగ్గం టకటకా ఆడుతోంది. దాని పక్కనే నులకమంచం మీద అవ్వ పడుకుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లో కండెలు చుట్టింది. మతిమరుపు మొదలై కొన్నేళ్లయింది. కొడుకు పేరు ఒకనాడు గుర్తుంటుంది, ఒకనాడు ఉండదు. తిన్న సంగటి తినలేదంటుంది. అయినా రాట్నం ముందు కూర్చోబెడితే కుడిచెయ్యి తనంతట తానే చక్రం తిప్పుతుంది. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య నూలు జారుతూ ఉంటుంది. పోగు తెగితే కళ్లతో వెతకదు, వేళ్లతో తడిమి పట్టుకుని ముడి వేస్తుంది. మెదడు పేర్లను దాచుకునే చోటు వేరు, చేతిపనిని దాచుకునే చోటు వేరు. అల్జీమర్స్ ముందుగా పాడుచేసేది మొదటి చోటుని.

మూడు రోజులుగా ఆ చేతులు కూడా ఆగిపోయాయి.

పగలంతా మగత. రాత్రి నిద్ర లేదు. మగ్గం గుంటలో ఎవరో కూర్చున్నారని వేలు చూపిస్తోంది. కోడలు గిన్నెలో రొట్టె పాలు పిసికి తెస్తే దవడ బిగించింది. పక్కింటావిడ తలుపు దగ్గర నుంచే తేల్చేసింది: "వయసైపోయిండాది లేమ్మా, ఇంగ ఇంతే." ఇంకొకరు తాయెత్తు మాట ఎత్తారు.

ఆశా కార్యకర్త వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. అవ్వ చెయ్యి పట్టుకుంది. చెయ్యి మరీ వేడిగా లేదు, కానీ నాలుక ఎండిపోయి ఉంది.

"వదినా, పోయిన వారం ఎట్లుండె?"

"పోయిన వారం కండెలు చుట్టింది గదమ్మా. మూడు దినాల నుంచే ఇట్ల చేస్తాంది."

"ఒంటికి పోయేది ఎట్లుండాది?"

కోడలు గొంతు తగ్గించింది. "మాటిమాటికీ పోతాంది. చీర మార్చలేక సస్తాండాను. వాసన గూడా."

ఆశా కార్యకర్త లేచి ఫోన్ తీసింది. "పెద్దాసుపత్రికి తీస్కపోదాం. ఇది మతిమరుపు ఒక్కటే కాదు."

ఈ అవ్వకు నేను పేరు పెట్టలేదు. ఇలాంటి ఎందరినో కలిపి చూపిస్తున్న మనిషి ఈమె. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ.

బండి కర్నూలు దారి పట్టేలోగా మీరు అవ్వ తలలోకి రండి. కణత లోపలి వైపు, హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం దగ్గర ఆగండి. జ్ఞాపకాలు ముందుగా చేరే చోటు ఇది. నాడీకణాల మధ్య ఖాళీల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు కట్టి ఉంది. కణాల లోపల టౌ అనే మరో ప్రొటీన్ చిక్కుపడి ఉంది. ఆ గడ్డల చుట్టూ కదులుతున్న కొమ్మల్లాంటి చేతులున్న కణాల్ని చూడండి. ఇవి మైక్రోగ్లియా, మెదడు సొంత రక్షణ కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తెగా 1919లో వీటిని వేరుగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. ఇవి ఒక్క క్షణం ఊరుకోవు. బతికున్న ఎలుకల మెదడులో 2005లో చూస్తే, ఏ దెబ్బా లేనప్పుడు కూడా ఆ చేతులు చాస్తూ ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతూనే ఉన్నాయి.

గడ్డ కనిపిస్తే అక్కడ గుమిగూడతాయి. తినగలిగినంత తింటాయి, తినలేనిదాన్ని చుట్టుముట్టి కట్టడి చేస్తాయి. ఇంతవరకూ మేలే. కానీ గడ్డ పోదు, కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉన్న ఈ కణాలు వాపు పుట్టించే రసాయనాల్ని వదులుతూ ఉంటాయి. పిట్టల్ని తోలడానికి పెట్టుకున్న కావలివాడు రాత్రీ పగలూ చేలోనే పరిగెడుతూ పైరునంతా తొక్కేసినట్టు అవుతుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సందుల్ని సినాప్సులంటారు. వాటిని సైతం మైక్రోగ్లియా మింగేస్తున్నట్టు 2016లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తేలింది. అదీ గడ్డలు పేరుకోకముందే. అవ్వ కొడుకు పేరు పోగొట్టుకుంటున్నది ఇలాంటి సందుల్లోనే.

ఈ వాపు జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చిందా? చాలాకాలం దీన్ని వట్టి పర్యవసానంగానే చూశారు. నిజానికి ఈ జబ్బుకు ఎవరి పేరు వచ్చిందో ఆ డాక్టరు అలోయిస్ అల్జీమర్ కంటికే ఇది పడింది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో యాభై ఒక్కేళ్ల ఆగస్టె డేటర్‌ను ఆయన పరీక్షించాడు. పేరు అడిగితే ఆగస్టె అంది. భర్త పేరు అడిగినా ఆగస్టె అనే అంది. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, గడ్డలూ చిక్కులతో పాటు చుట్టూ ఉన్న గ్లియా కణాల్లో మార్పును కూడా రాసిపెట్టాడు. జబ్బులో ఈ కణాల పాత్రకు గట్టి సాక్ష్యం 2013లో దొరికింది. ట్రెమ్2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లని రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. మెదడులో ఆ జన్యువు పనిచేసేది ముఖ్యంగా మైక్రోగ్లియాలోనే. కావలి చెడితే జబ్బు ముప్పు పెరుగుతుందన్నమాట. కాబట్టి వాపును వట్టి పొగ అని కొట్టిపారేయలేం. నా మట్టుకు నాకు ఇది నిప్పులో ఒక భాగమే.

ఇక ఈ మూడు రోజుల సంగతి. అవ్వ మూత్రాశయంలో బ్యాక్టీరియా పెరిగింది. ఒంటి రక్షణ వ్యవస్థ రక్తంలోకి టీఎన్ఎఫ్ వంటి సంకేతాల్ని వదిలింది. అవి మెదడు రక్తనాళాల గోడల మీదుగా, వేగస్ నాడి మీదుగా పై వరకూ అందుతాయి. ఆరోగ్యంగా ఉన్న మెదడైతే నీరసం, ఆకలి లేకపోవడం, రెండు రోజుల పడక, అంతే. అవ్వ మెదడులో మైక్రోగ్లియా ముందే రెచ్చి ఉన్నాయి. చిన్న కబురుకే మితిమీరి స్పందిస్తాయని పరిశోధకుల వివరణ. మగత, లేనివి కనిపించడం, పూటకో తీరు. డాక్టర్లు డెలీరియం అనేది దీన్నే. ముసలివాళ్లలో జ్వరం పెద్దగా లేకుండానే ఇది రావచ్చు.

ఇంగ్లండులో సుమారు 300 మంది అల్జీమర్స్ రోగుల్ని ఆరు నెలలు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మధ్యలో ఇన్ఫెక్షనో దెబ్బో తగిలినవాళ్లలో జ్ఞాపకశక్తి మిగతావాళ్లకన్నా రెట్టింపు వేగంతో తగ్గింది. మూత్రం మంట అని తీసిపారేసేది మెదడుకు అంత ఖరీదు.

కర్నూలు పెద్దాసుపత్రి అంటే గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని, అవతల పాలమూరు జనమంతా వచ్చేచోటు. అవ్వను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: ఎప్పటి నుంచి? కొన్నేళ్ల నుంచి అని కొడుకు చెప్పబోయాడు. "మూడు దినాల నుంచి సార్" అని కోడలు అడ్డం వచ్చింది. ఆ ఒక్క మాట దారి మార్చింది. మూత్రం, రక్తం, సోడియం, షుగర్ పరీక్షలకు పంపారు. సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. నాలుగో రోజుకు గుంటలో మనిషి కనిపించడం ఆగింది. చేతులు కొంత తేరుకున్నాయి. మునుపటి అవ్వ పూర్తిగా తిరిగి రాలేదు. చాలామంది విషయంలో జరిగేది ఇదే, అందుకే ఆలస్యం చేయకూడదు.

వాపే కారణమైతే వాపు తగ్గించే నొప్పి మాత్రలు వేస్తే పోదా? అమెరికాలో ఇదే ఆశతో 2001లో రెండున్నర వేల మందికి పైగా వృద్ధులతో న్యాప్రోక్సెన్, సెలికాక్సిబ్ పరీక్ష మొదలుపెట్టారు. 2004లో మాత్రలు ఆపేశారు. జబ్బు ఆగలేదు. దయచేసి ఎవరూ మతిమరుపు కోసం నొప్పి మాత్రలు కొని పెట్టకండి. కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ మిగలవచ్చు.

2024లో లాన్సెట్ కమిషన్ సరిచేసుకోదగిన ముప్పులు పద్నాలుగు చెప్పింది. షుగర్, బీపీ, పొగ తాగడం, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, గాలి కాలుష్యం వాటిలో కొన్ని. వాటన్నిటినీ సరిచేస్తే డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా.

మీ ఇంట్లో మతిమరుపు ఉన్న పెద్దవాళ్లుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అల్జీమర్స్ నెలల్లో, ఏళ్లలో దిగజారుతుంది. రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది వయసు కాదు, గాలి సోకడం కాదు. మూత్రం, జ్వరం, దగ్గు, నీళ్లు తాగడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు చూడండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా పక్షవాతం కావచ్చు, క్షణం ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఎన్నేళ్ల జబ్బో చెప్పే ముందు, ఎన్ని రోజుల మార్పో చెప్పండి.