ముల్కీ కాగితం

మీదే ఊరు అంటే మా పిల్లలు ఊరి పేరు చెప్తారు. ఆఫీసుకి పేరు చాలదు, ఎన్నేళ్లున్నారో కాగితం కావాలి. ఈ కాగితానిది పాత కథే.

మొదటి సాలార్‌జంగ్ కాలం నుంచీ నిజాం కొలువుల్లోకి ఉత్తరాది చదువరుల్ని రప్పించారు. వాళ్లలో ముసల్మానులు చాలామంది. ఇక్కడి ముసల్మానులు, హిందువులు కలిసే వాళ్లని గైర్ ముల్కీలన్నారు. అది మతం తగవు కాదు. నిజాం రాజ్యమంటే ప్రతి తురకకీ పెద్దపీట అనేవాళ్లు ఇది మరిచిపోతారో, దాస్తారో! 1919 ఫర్మానాతో పదిహేనేళ్ల నివాసం ముల్కీకి కొలత అయింది. 1952లో, 1969లో దాని కోసం విద్యార్థులు వీధికెక్కారు, తూటాలు తిన్నారు. 1973లో ఆరు సూత్రాలొచ్చి ముల్కీని రద్దు చేశాయి.

రద్దయింది పేరే. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్‌కి ఉంచింది. అర్హత పరీక్షతో ముగిసేలా నాలుగేళ్లు వరసగా అక్కడే చదవాలి. చదువు నడుమ ఆగితే నాలుగేళ్ల నివాసం చూపాలి. 2025లో తెలంగాణ వైద్య సీట్ల కేసులోనూ సుప్రీంకోర్టు ఈ నాలుగేళ్ల లెక్కనే నిలబెట్టింది.

లెక్క ఎత్తెయ్యమని మేము అనం. అది లేకుంటే పాలమూరు పిల్లకి సీటెక్కడిది? కానీ ఆ పాలమూరు నుంచే బొంబాయికి వలసపోయిన కూలీ బిడ్డ రెండేళ్లు అక్కడ చదివొస్తే వరస తెగుతుంది. హిఫ్జ్ కోసం మదర్సాలో గడిపినవాడు నివాసం కాగితం తేవాలి. మాకు ఇల్లు అద్దెకివ్వని వీధులున్నాయి. ఇచ్చిన చోట రాతకోతలుండవు. ఇల్లివ్వని ఊరే ఇంటికి రుజువడుగుతుంది.

బడి సంగతి కొంత మేలు. టీసీ ఆలస్యమైందనీ, వయసు కాగితం లేదనీ చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అయితే ఆ హక్కు ఎనిమిదో తరగతి దాకానే. ఇంటర్ అర్హతగా ఉన్న కోర్సులకి నాలుగేళ్ల లెక్క తొమ్మిదిలో మొదలవుతుంది. మా ఇళ్లల్లో అబ్బాయిని మెకానిక్ షెడ్డుకి పంపేదీ, అమ్మాయిని బడి మాన్పించేదీ, బతుకుతెరువుకి ఊరు మారేదీ సరిగ్గా ఆ ఏళ్లలోనే.